రెండు టేపు రికార్డర్లను టైమ్ కోడ్‌తో జత కలపడం: ప్రాజెక్టు డైరీ

ఆగస్టు, మొదటి వారం

పావు అంగుళం స్టీరియో టేపు రికార్డరునూ, అర అంగుళం ఎనిమిది ట్రాకుల రికార్డరునూ టైమ్ కోడ్ (టేపు పొడవునా గంట, నిమిషం, సెకను చిరునామాలను శబ్దంగా రాసి ఉంచే సంకేతం) ఆధారంగా ఒకదాని వెంట ఒకటి తప్పకుండా నడిచేలా చేయడం ఈ ప్రాజెక్టు పని. టేపులు ఒంగోలు ప్రాంతపు పౌరాణిక నాటక సమాజం ఒకటి దాచిపెట్టుకొన్నవి. మద్రాసు స్టూడియోల్లో చాలాకాలం పనిచేసి సొంత ఊరికి తిరిగి వచ్చిన సౌండు ఇంజినీరు ఒకాయన, తెల్లవారేదాకా సాగే ఆ ప్రదర్శనలను అద్దె యంత్రాలతో రికార్డు చేశారు. వేదిక మీది మైకులు, హార్మోనియం, తబలా ఎనిమిది ట్రాకుల టేపు మీదికి వెళ్ళాయి. జనం వైపు తిప్పి కట్టిన రెండు మైకులు స్టీరియో టేపు మీదికి వెళ్ళాయి. పద్యం చివర రాగం ముగియకముందే లేచే ఈలలు, ‘వన్స్‌మోర్’ కేకలు, నటుడు ఆ పద్యాన్నే మళ్ళీ ఎత్తుకొనేలోపు సాగే సందడి అంతా ఈ రెండో టేపులోనే ఉంది. అది లేకుండా పద్యనాటకం వినడం నాకైతే రుచించదు.

రెండు టేపులనూ విడివిడిగా కంప్యూటరులోకి ఎక్కించి అక్కడే సరిపెట్టుకోవచ్చు కదా అని సమాజం పెద్దాయన అడిగారు. అడగవలసిన ప్రశ్నే. రెండు యంత్రాల వేగాన్నీ క్వార్ట్జ్ స్ఫటికాలే అదుపు చేస్తున్నా, ఏళ్ళ తరబడి బీరువాలో ఉన్న టేపు కొంత సాగుతుంది, కొంత ముడుచుకుంటుంది, దాన్ని నొక్కి పట్టే పించ్ రోలరు కింద కాస్త జారుతుంది. వేగంలో వెయ్యింట ఒక వంతు తేడా వచ్చినా, 33 నిమిషాల రీలు ముగిసేసరికి రెండు సెకన్ల ఎడం ఏర్పడుతుంది. ఆ ఎడం రీలు పొడవునా సమానంగా పెరిగితే ఒక్క లెక్కతో సరిచేయవచ్చు. అలా పెరగదు కాబట్టి కంప్యూటరులో ముక్క ముక్కకూ శబ్దాన్ని సాగదీయవలసి వస్తుంది, రెండు కొనలూ కలిపినా నడుమ తప్పుతూనే ఉంటుంది. రికార్డు చేసినాయన రెండు టేపుల మీదా ఒకే జనరేటరు నుంచి టైమ్ కోడ్ ఎక్కించి, ఇలాంటి అవసరానికి దారి వేసి ఉంచారు. ఆ దారిలోనే వెళ్ళి, యంత్రాలనే కలిపి నడిపి, వచ్చిన శబ్దాన్ని ఒకేసారి డిజిటలు చేయాలని నిర్ణయించాను.

యంత్రాలు రెండూ ఇప్పుడు నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోని మా వర్క్‌షాపులో పక్కపక్కన ఉన్నాయి. హెడ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, డీమాగ్నెటైజరు తిప్పి, రెంటి బ్రేకులూ సరిచూడడంతో ఈ వారం గడిచింది.

ఆగస్టు, మూడో వారం

టేపులను నేరుగా ఎక్కించే స్థితి లేదు. అంచు తాకితే వేలికి జిగురు తగులుతున్నది. అయస్కాంత పొరను పట్టి ఉంచే పాలియూరిథేన్ బైండరు గాలిలోని తేమను పీల్చుకొని విచ్ఛిన్నం కావడం వల్ల ఇలా జరుగుతుంది. అలాంటి టేపును తిప్పితే పొర ఊడి హెడ్డుకు అంటుకొంటుంది, కీచుమని అరుస్తుంది. సముద్రానికి ఇంత దగ్గరి ఊళ్ళలో టేపులకు ఈ జబ్బు రావడంలో వింత లేదు. దీనికి తెలిసిన చికిత్స తక్కువ వేడి మీద ఎక్కువసేపు ఆరబెట్టడం: 50 నుంచి 55 డిగ్రీల సెల్సియస్ మధ్య, సుమారు ఎనిమిది గంటలు, అంగుళం వెడల్పు దాటిన టేపులకు ఇంకా ఎక్కువ. ఈ పద్ధతి పాలియెస్టరు టేపులకే వర్తిస్తుంది. పాత ఎసిటేట్ టేపును వేడి చేస్తే పెళుసెక్కి పాడవుతుంది; రీలును దీపానికి ఎదురుగా పట్టుకొన్నప్పుడు టేపు కట్ట గుండా వెలుతురు కనిపిస్తే అది ఎసిటేట్, నల్లగా అడ్డుకుంటే పాలియెస్టరు. మా టేపులన్నీ నల్లగానే అడ్డుకొన్నాయి.

వేడి పెట్టెకు వెదుకులాట అవసరం రాలేదు. ఈ జిల్లాలో రొయ్యల చెరువులు ఉన్నచోటల్లా నీటినీ రొయ్య పిల్లలనూ పరీక్షించే ఆక్వా ల్యాబులు ఉంటాయి, ఆ ల్యాబుల్లో బ్యాక్టీరియాను పెంచే ఇంక్యుబేటర్లు ఉంటాయి. ముత్తుకూరు దారిలోని ఒక ల్యాబు వారు వాడకం మానిన ఇంక్యుబేటరును అరువిచ్చారు. దాని డయలును నమ్మక, రీళ్ళ పక్కనే వేరే థర్మామీటరు వేలాడదీసి 53 డిగ్రీల దగ్గర నిలిపాను. రీళ్ళను పేర్చకుండా ఒక్కొక్కటిగా విడివిడిగా ఉంచి, నడుమ తిరగేస్తూ, ముగిశాక తలుపు తెరవకుండా పెట్టెలోనే చల్లారనిచ్చాను. ఇలా ఆరబెట్టిన టేపు కొన్ని వారాలపాటు మాత్రమే బాగా నడుస్తుంది, మళ్ళీ తేమ పీల్చుకొంటుంది. ఈశాన్య రుతుపవనం మన వైపు అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి ఈ గడువును మనసులో పెట్టుకొని పని సాగించాలి.

సెప్టెంబరు, మొదటి వారం

కోడు వినిపించింది, అంటే ఎనిమిదో ట్రాకు మీద కీచుగొంతు లాంటి ఆ స్వరం నిలకడగా వస్తున్నది. రికార్డు చేసిన మాస్టారుకు ఒంగోలుకు ఫోను చేసి చెబితే, ఆయన సంతోషించడానికి ముందే హెచ్చరించారు: “చెవికి బాగుంటే సరిపోదు అబ్బయ్యా, ముందు స్కోపులో దాని భుజాలు ఎట్టుండాయో చూడు. భుజాలు జారిపోయుంటే ఎంత మంచి పెట్టె తెచ్చినా చదవలేదు.”

స్కోపు అంటే తరంగం ఆకారాన్ని తెర మీద చూపే ఆసిలోస్కోపు, భుజాలంటే ఆ తరంగపు నిటారైన మూలలు. ఆ సంగతి వివరించాలంటే కోడు నిర్మాణం చెప్పాలి. 1967లో ఈకో అనే అమెరికా సంస్థ రూపొందించిన పద్ధతి నుంచి పెరిగి, తర్వాత ఎస్‌ఎంపీటీఈ (అమెరికా సినిమా, టీవీ ఇంజినీర్ల సంఘం), ఈబీయూ (యూరపు ప్రసార సంస్థల సమాఖ్య) ప్రమాణాలుగా స్థిరపడిన ఈ కోడులో ప్రతి ఫ్రేముకూ, అంటే టీవీలో ఒక్కో బొమ్మ నిలిచే వ్యవధికీ, 80 బిట్ల పదం ఒకటి ఉంటుంది. గంటలు, నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు బైనరీ దశాంశ అంకెలుగా అందులో ఉంటాయి. 32 బిట్లు వాడేవారి ఇష్టానికి వదిలినవి. చివరి 16 బిట్లు ఎప్పుడూ మారని సింక్ పదం, 0011 1111 1111 1101. వరుసగా పన్నెండు ఒకట్లు మరెక్కడా రావు కాబట్టి ఫ్రేము ఎక్కడ ముగిసిందో దీనితో తెలుస్తుంది. వాటికి ముందు 00, వెనుక 01 ఉన్నందున టేపు ముందుకు నడుస్తున్నదో వెనక్కు నడుస్తున్నదో కూడా దీనితోనే తెలుస్తుంది. మన టీవీ పద్ధతి ప్రకారం సెకనుకు 25 ఫ్రేములు గనుక సెకనుకు 2,000 బిట్లు, ఒక్కో బిట్టుకు అర మిల్లీసెకను. ప్రతి బిట్టు మొదట్లో తరంగం ఒకసారి దిశ మారుతుంది; బిట్టు ఒకటైతే నడిమధ్య మరోసారి మారుతుంది. అందువల్ల సున్నాలు 1,000 హెర్ట్జ్‌గానూ, ఒకట్లు 2,000 హెర్ట్జ్‌గానూ వినిపిస్తాయి, వైర్లు తారుమారైనా చదవడానికి ఇబ్బంది ఉండదు. అమెరికా కలర్ టీవీ వేగమైన 29.97 ఫ్రేములతో వచ్చే తలనొప్పి, అంటే ప్రతి పదో నిమిషం మినహా మిగిలిన ప్రతి నిమిషం మొదట్లో రెండు ఫ్రేము నంబర్లను వదిలేసి గంటకు 108 నంబర్లు దాటవేసే లెక్క, మనకు లేదు.

స్కోపులో చూస్తే ఎనిమిది ట్రాకుల టేపు కోడు నిటారుగానే ఉంది. మాస్టారు దాన్ని అంచు ట్రాకు మీద, 0 వీయూ (రికార్డింగు మీటరు మీది ప్రామాణిక స్థాయి) కంటే దాదాపు 10 డెసిబెల్సు తక్కువ స్థాయిలో, నాయిస్ రిడక్షను (టేపు బుసను తగ్గించే సర్క్యూటు) లేకుండా ఎక్కించారు. స్థాయి ఇంకా పెంచి ఉంటే పక్క ట్రాకులోకి కారేది. ఈ కోడు నడయాడేది సరిగ్గా మనిషి గొంతు పలికే మేరలోనే కాబట్టి, ఆ కారడం పద్యం వెనుక కీచురాయి పాటలా వినిపించేది. ఏడో ట్రాకును ఆయన ఖాళీగా వదిలారు. ఎనిమిది ట్రాకులకు డబ్బు పెట్టి ఆరింటితో సరిపెట్టుకోవడం నిర్వాహకులకు నచ్చలేదట, ఆయన వినలేదట. పెద్ద స్టూడియోల్లోనూ ఇదే బేరం: రెండు 24 ట్రాకుల యంత్రాలను కలిపితే, ఒక్కోదానిలో ఒక ట్రాకు కోడుకు పోయి, 48 బదులు 46 మిగులుతాయి.

స్టీరియో టేపు సంగతి వేరు. స్టూడర్ ఏ810, నాగ్రా ఫోర్-ఎస్ టీసీ తరహా యంత్రాల్లో ఎడమ, కుడి ట్రాకుల మధ్య ఉన్న సన్నని ఖాళీలోనే కోడును రాస్తారు, శబ్దానికి దక్కవలసిన చోటు పోదు. అయితే అంత సన్నని ట్రాకు నుంచి వచ్చే సంకేతం బలహీనంగా ఉంటుంది, టేపు కాస్త పక్కకు జరిగినా పడిపోతుంది. మా స్టీరియో టేపుల కోడు చాలాచోట్ల భుజాలు జారి, దాదాపు సైను తరంగంలా గుండ్రంగా తయారైంది. హెడ్డు అజిమత్‌ను, అంటే టేపుకు అది నిలిచే కోణాన్ని, ఆ టేపుకు తగినట్టు సర్దాక కొంత నిటారైంది, మిగిలిన పని ఎలక్ట్రానిక్స్ చేయాలి.

సెప్టెంబరు, చివరి వారం

జాతీయ రహదారి పక్కన కిలోమీటరు రాయి మనం ఎక్కడున్నామో చెబుతుంది గాని బండిని నడపదు. టైమ్ కోడ్ చేసేదీ అంతే. రెండు టేపుల చిరునామాలనూ చదివి, తేడా కట్టి, వెనుకబడిన యంత్రాన్ని పరుగెత్తించి, ముందుకు పోయినదాన్ని నిదానింపజేసే పని సింక్రొనైజరుది. ఆడమ్స్-స్మిత్, టైమ్‌లైన్ వంటి సంస్థలు ఒకప్పుడు తయారుచేసిన పెట్టెలు పాత సామాను వ్యాపారుల దగ్గర దొరికినా, వాటికి యంత్రానికో కేబులు, యంత్రానికో సాఫ్ట్‌వేరు అమరిక కావాలి. అందువల్ల సొంతంగానే కట్టుకొంటున్నాను.

కోడు లోపలికి వచ్చే దారిలో మొదట 600 ఓముల ఐసొలేషను ట్రాన్స్‌ఫార్మరు ఉంది. రెండు యంత్రాల ఎర్తులూ ఒకటైతే వచ్చే గుర్రుమనే శబ్దాన్ని అది తెంచుతుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు ఇచ్చే చతురస్ర తరంగపు చెత్త కూడా దీనితో చాలావరకు తగ్గింది. తర్వాత ఎల్‌ఎమ్393 కంపారేటరు (సంకేతం ఒక గీతకు పైన ఉందో కింద ఉందో తేల్చే చిప్పు), కొద్దిపాటి హిస్టరిసిస్‌తో, అంటే చిన్న ఊగులాటలకు మారిపోకుండా. జారిన భుజాలను ఇది తిరిగి నిటారు చేస్తుంది. అక్కడి నుంచి 32 బిట్ల మైక్రోకంట్రోలరు టైమరుకు వెళ్ళి, దిశ మారిన ప్రతిసారీ సమయం నమోదవుతుంది. 250 మైక్రోసెకన్ల ఎడం వస్తే ఒకటిలో సగం, 500 వస్తే సున్నా. సరిహద్దును 375 దగ్గర గట్టిగా పాతేయకుండా, అప్పటిదాకా వస్తున్న బిట్టు నిడివిలో ముప్పాతిక దగ్గర ఉంచితే, టేపు నెమ్మదిగా నడిచినా వేగంగా నడిచినా చదవడం ఆగదు.

ఏ యంత్రం ముందు నడవాలి, ఏది వెంబడించాలి అన్నది పుస్తకాల్లో అంతగా చర్చించని విషయం, నా లెక్కలో మాత్రం ప్రధానమైనది. వెంబడించే యంత్రం వేగం ఎప్పుడూ కొద్దికొద్దిగా మారుతూనే ఉంటుంది. హార్మోనియం శ్రుతి ఉన్న టేపును అలా మారనివ్వకూడదు, ఈలలూ చప్పట్లూ ఉన్న టేపులో అది ఎవరికీ తెలియదు. కాబట్టి ఎనిమిది ట్రాకులది తన స్ఫటికం ప్రకారం తాను నడుస్తుంది, స్టీరియోది దాని వెంట వస్తుంది.

స్టీరియో యంత్రం వెనుక రిమోట్ కనెక్టరులో టేపును లాగే క్యాప్‌స్టన్ మోటారుకు బయటి రిఫరెన్సు ఇచ్చే పిన్ను ఉంది. చాలా ప్రొఫెషనల్ యంత్రాల్లో లాగే ఇందులోనూ దాని మామూలు విలువ 9.6 కిలోహెర్ట్జ్, అది పెరిగితే టేపు వేగం అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఆ తరంగాన్ని ఏడీ9833 చిప్పు తయారుచేస్తున్నది. 25 మెగాహెర్ట్జ్ గడియారంతో, 28 బిట్ల లెక్కతో అది హెర్ట్జ్‌లో పదోవంతు కంటే సన్నని మెట్లు వేయగలదు, అంటే వేగాన్ని లక్షలో ఒక వంతు మేర సర్దవచ్చు. ప్లే, స్టాప్, ముందుకు, వెనక్కు అనే నాలుగు ఆజ్ఞలకు నాలుగు ట్రాన్సిస్టర్లు చాలాయి. డాట్ బోర్డు మీద ఇదంతా ఒక అరచేతి మేర.

అక్టోబరు, రెండో వారం

ఎనిమిది ట్రాకుల యంత్రాన్ని ఏ చోట నిలిపినా స్టీరియో యంత్రం తనంతట తాను రీలు తిప్పుకొని అదే చోటికి చేరి ఆగడం ఈ దశ లక్ష్యం. వేగంగా చుట్టేటప్పుడు లిఫ్టర్లు టేపును హెడ్డు నుంచి ఎత్తి పెడతాయి కాబట్టి కోడు అందదు. అప్పటిదాకా చదివిన చివరి చిరునామాకు టేపు కదలికను లెక్కించే టాకోమీటరు పల్సులను కూడుతూ అంచనా వేసుకోవాలి, దగ్గర పడ్డాక ప్లేలోకి దించి నిజమైన కోడుతో సరిపోల్చుకోవాలి. గమ్యానికి పది సెకన్ల ముందే ఆగేలా పెట్టాను. బరువైన రీలు ఆగడానికి పట్టే వ్యవధి, రీలు ఏ మేర నిండి ఉన్నదన్నదాన్ని బట్టి మారుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. నాటకం అర్ధరాత్రి దాటినచోట మాత్రం యంత్రం పిచ్చెత్తినట్టు వెనక్కు చుట్టడం మొదలుపెట్టింది. మాస్టారు జనరేటరును గోడ గడియారపు సమయానికి పెట్టారు. ప్రదర్శన పది గంటలకు మొదలై తెల్లవారుజామున ముగిసింది. 23 గంటల 59 నిమిషాల 59 సెకన్ల 24వ ఫ్రేము తర్వాత కోడు సున్నాకు వస్తుంది. ఎనిమిది ట్రాకులది ఆ గీత దాటి, స్టీరియోది ఇంకా దాటకపోతే, తేడా కొన్ని ఫ్రేములే అయినా తీసివేతలో ఇరవై నాలుగు గంటలుగా తేలుతుంది. ఈ ఇబ్బంది వల్లనే స్టూడియోల్లో టేపును సున్నా నుంచి కాకుండా ఒంటిగంట కోడు నుంచి మొదలుపెట్టడం ఆనవాయితీ అయింది. ప్రదర్శనను మనం వెనక్కు జరపలేము గనుక లెక్కనే మార్చాలి: రోజుకు 21,60,000 ఫ్రేములు, తేడా అందులో సగమైన 10,80,000 దాటితే ఒక రోజు తీసివేయాలి, మైనస్ 10,80,000 కంటే కిందికి పోతే ఒక రోజు కలపాలి. ఈ రెండు వాక్యాల ప్రోగ్రాముతో అర్ధరాత్రి కూడా మిగిలిన రాత్రిలాగే గడిచింది.

గోడ గడియారపు కోడుతో ఒక మేలూ ఉంది. ఎనిమిది ట్రాకులది సెకనుకు 38.1 సెంటీమీటర్ల వేగంతో నడిచింది, 2,500 అడుగుల రీలు 33 నిమిషాలే వస్తుంది. స్టీరియోది అందులో సగం వేగంతో నడిచి గంటకు పైగా వచ్చింది. రెండు యంత్రాల రీళ్ళూ ఒకేసారి అయిపోకుండా మాస్టారు ముందే జాగ్రత్తపడ్డారు, ఒకదాని రీలు మార్చే వ్యవధిలో రెండోది తిరుగుతూనే ఉంది. ఏ రీలు ఏ రీలుకు జతో అట్టల మీద రాతలు చెరిగిపోయినా, కోడు చదివితే చాలు తెలిసిపోతున్నది.

నవంబరు, మొదటి వారం

వర్షాలు పట్టుకొన్నాయి. రీళ్ళను సిలికాజెల్ పొట్లాలతో మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంచి, వంతు వచ్చినదాన్ని మాత్రమే బయటికి తీస్తున్నాను.

పట్టు దొరికించుకోవడం రెండు అంచెల్లో జరుగుతున్నది. మొదట స్టీరియో యంత్రానికి రెండు శాతం వరకు వేగం మార్చుకొనే స్వేచ్ఛ ఇచ్చాను. రెండు ఫ్రేములు, అంటే 80 మిల్లీసెకన్లు వెనుకబడి ఉంటే, ఆ లెక్కన నాలుగు సెకన్లలో అందుకొంటుంది. రెండు శాతమంటే శ్రుతిలో అర స్వరానికి మూడో వంతు తేడా, చెవికి తెలిసిపోతుంది. అందువల్ల ఫ్రేముకు ఫ్రేము కలిశాక స్వేచ్ఛను వెయ్యింట ఒక వంతుకు కుదించి, ఫ్రేము లోపలి బిట్లను కూడా లెక్కించి, అర మిల్లీసెకను మేరకు సరిచూస్తున్నాను.

ఇక్కడే అసలు కష్టం. తేడా కనిపించిన వెంటనే సరిదిద్దేలా పెడితే స్కోపులో అంకెలు ముచ్చటగా సున్నా చుట్టూనే తిరుగుతాయి గాని, ధ్వని చెడుతుంది. చదివిన ప్రతి బిట్టులోనూ టేపు సహజమైన వణుకు కొంత కలిసే ఉంటుంది. పెట్టె దాన్నంతటినీ తప్పుగా భావించి క్యాప్‌స్టన్‌ను కుదుపుతుంది. జనం వైపు మైకుల్లో లౌడ్‌స్పీకర్ల ద్వారా హార్మోనియం కూడా కొంత పడింది. పద్యానికి ముందు శ్రుతి పట్టి నిలిపినచోట ఆ దీర్ఘస్వరం ఒక టేపులో నిలకడగా, రెండో టేపులో సన్నగా వణుకుతూ, రెండూ కలిసినప్పుడు డొల్లగొట్టంలోంచి వస్తున్నట్టు వినిపించింది. సరిదిద్దే వేగాన్ని తగ్గిస్తూ పోయి, రెండు సెకన్ల సగటు మీద మాత్రమే స్పందించేలా చేశాక ఆ వణుకు పోయింది. అంకెలు ఇప్పుడు ఒక మిల్లీసెకను అటూ ఇటూ తేలుతున్నాయి, చాలా నిదానంగా. స్కోపు చూసి మెచ్చుకొనేవారికి మునుపటిదే నచ్చుతుంది. నేను చెవి మాటే విన్నాను.

రెండు టేపుల మధ్య మార్పులేని తేడా ఏమైనా ఉందా అన్నది నాటకానికి ముందు మోగించిన గంటతో తేలింది. గంట మొదటి దెబ్బ వేదిక మైకులో పడిన 30 మిల్లీసెకన్ల చిల్లర తర్వాత జనం మైకులో పడింది. మన వేడి గాలిలో శబ్దం ఆ వ్యవధిలో సుమారు పది మీటర్లు పోతుంది, మైకులు కట్టిన రాట వేదికకు అంత దూరంలోనే ఉన్నదని మాస్టారు ధ్రువీకరించారు. స్టీరియో యంత్రంలో కోడు హెడ్డు, శబ్దపు హెడ్డు వేరువేరు చోట్ల ఉన్నందువల్ల కొంత తేడా మిగిలి ఉంటుందేమోనని అనుమానించాను. ఆ యంత్రంలోని డిలే సర్క్యూటు దాన్ని సరిచేసే పంపిందని దీనితో రుజువైంది. ఆ పది మీటర్ల ఆలస్యాన్ని తీసివేయవద్దనే నిర్ణయించాను. స్థిరమైన ఆలస్యం చెవికి దూరంగా అర్థమవుతుంది, జనం జనం ఉన్నచోటనే ఉంటారు.

నవంబరు, చివరి వారం

స్టీరియో టేపుల్లో అక్కడక్కడ కోడు పడిపోతున్నది, ఎక్కువగా రీలు మొదటి చుట్లలో. పడిపోయిన ప్రతిసారీ పట్టు వదిలి వెదుకులాటకు దిగకుండా, అప్పటి వేగాన్నే నిలుపుకొని రెండు సెకన్ల వరకు తనంతట తాను లెక్కపెట్టుకొంటూ పోయే ఏర్పాటు చేశాను. కోడు తిరిగి వచ్చినప్పుడు వరుసగా కొన్ని ఫ్రేములు సరైన క్రమంలో వస్తే తప్ప నమ్మదు, ఎందుకంటే చెడిన బిట్టు ఒక్కటి గంటల అంకెను మార్చినా యంత్రం రీలు చివరికి పరుగెత్తుతుంది.

డిజిటలు చేస్తున్న ఫైళ్ళలో శబ్దంతోపాటు రెండు యంత్రాల కోడునూ రెండు ప్రత్యేక చానళ్ళుగా, కంపారేటరు తాకని ముడి రూపంలోనే దాస్తున్నాను. ఎవరైనా రేపు నా పట్టును శంకించి మళ్ళీ కొలవదలిస్తే ఆధారం ఫైలులోనే ఉంటుంది.

చివరి ప్రదర్శన స్టీరియో రీలు ఒకదానికి కోడు లేదు. ఆ రాత్రి జనరేటరు బ్యాటరీ అయిపోయిందని మాస్టారు గుర్తు చేసుకొన్నారు. మధ్య ఖాళీలో ఇప్పుడు కొత్తగా కోడు రాసుకోవచ్చు, కానీ అసలు టేపు మీద రికార్డు హెడ్డును ఆనించే పని నేను చేయను. దాన్ని ముందు డిజిటలుగా నకలు తీసి, రెండు టేపుల్లోనూ పడిన తబలా దెబ్బలను గుర్తులుగా పెట్టుకొని, అంకం అంకంగా సరిపెట్టాలి. కంప్యూటరులో సాగదీయక తప్పని రీలు ఇదొక్కటే. డిసెంబరులో వర్షాలు తెరపి ఇచ్చాక, ఇంక్యుబేటరు మళ్ళీ అరువు దొరికితే, దానితోనే మొదలుపెడతాను.